డయాలసిస్ వార్డులో రక్తపిశాచి

నిరుడు మా అక్కకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు కొల్లాపూర్ నుంచి నాగర్‌కర్నూల్ దవాఖానకు డయాలసిస్ కోసం నేనే తీసుకెళ్లేదాన్ని. గొట్టాల్లో తన రక్తం తిరుగుతుంటే చూడలేక అక్క నాలుగు గంటలూ కళ్లు మూసుకునే ఉండేది. రెండో వారంలో, "నేనింక రాను. ఏమైతే గదే అయితది" అని తెగేసి చెప్పింది.

నాకో ఆలోచన వచ్చింది. చిన్నప్పుడు మేమిద్దరం వీసీఆర్ అద్దెకు తెచ్చుకుని పాత ఇంగ్లిష్ రక్తపిశాచి సినిమాలు వరసపెట్టి చూసేవాళ్లం. మాటలు అర్థం కాకపోయినా ఒక్కటీ వదల్లేదు. వాటిని ఫోన్లో వెతికిపెట్టి, "ఒక్కసారి రాయే అక్కా, మళ్ల సూద్దాం" అని బతిమాలి తీసుకెళ్లాను.

మిషన్ నడుస్తుండగా చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాం. యాభై రెండేళ్ల దాన్ని, నాకు భయమేమిటనుకున్నాను. శవపేటిక మూత లేచి, కోరల మొహం తెరనిండా కనబడగానే కెవ్వున కేక వేశాను. నర్సు పరుగెత్తుకొచ్చి, అక్కకేమైందోనని గొట్టాలన్నీ తడిమి చూసింది.

అక్క మాత్రం పగలబడి నవ్వుతోంది. "సిస్టరమ్మా, రక్తం తీస్తున్నది నాకు, మొత్తుకునేది మా చెల్లె!" వార్డంతా నవ్వింది. సిగ్గుతో నేను తలెత్తలేకపోయాను.

ఇంటికొస్తూ బస్సులో అక్క అంది: "ఇంక నాలుగు సినిమాలున్నయి గదా. బుధవారం జర తొందరగ పోదాం."

అంతమందిలో కేక వేసినందుకు నాకిప్పుడు సిగ్గు లేదు. దాంతోనే మా అక్క మళ్లీ డయాలసిస్‌కు రావడానికి ఒప్పుకుంది.