వంగ గింజల కోసం పగిలిన నెత్తి

వంగ గింజల కోసం నేను మా తోటికోడలి నెత్తి పగలగొట్టాను. దాచి దాచి చెప్పడం నాకు రాదు, అందుకే ముందే చెప్పేస్తున్నాను.

బరంపురం నుంచి గోపాలపూర్ పోయే దారిలో మా ఊరు. మా అత్తకి ఇద్దరు కొడుకులు, నేను చిన్నకోడలిని. పెద్దకోడలిని అప్పా అని పిలుస్తాను. మా పెరట్లో ఒక వంకాయ కాసేది. తెల్ల చారలది, తొడిమకి ముళ్ళెక్కువ, ఎండుచేపల్లో వేస్తే వెన్నలా కరిగేది. బరంపురం గేట్ బజార్‌లో గింజల దుకాణాలన్నీ తిరిగినా అది దొరకదు. అత్త పుట్టింటి నుంచి కొంగున కట్టి తెచ్చుకున్న విత్తనం. ఏడాదికేడాది మన గింజ మనమే దాచుకోవాలి. చచ్చిపోయిందంటే ఇంక లేనట్టే.

మా అత్త చెయ్యి కటువు. చెట్టునే పసుపెక్కిన కాయలు కోసి, నీళ్ళలో పిసికి, అడుక్కి దిగిన గింజలు మాత్రమే తీసి, బూడిద కలిపి చేటలో పోసి నీడలో ఆరబెట్టేది. తడిచేత్తో ఎవరైనా ఆ చేటని ముట్టుకున్నారా, గరిట కాడతో వేళ్ళ మీద ఒక్కటి. నా చిటికెనవేలు ఇప్పటికీ కొంచెం వంకరే. కొట్టాక చెప్పేది, "ఇది గింజ కాదే గుంటా, పేణం. తడి తగిల్తే సచ్చిపోద్ది" అని. ఆరిన గింజల్ని చిన్న కుండలో పోసి, మూతికి గుడ్డ కట్టి, పేడ మెత్తి, కట్టెల పొయ్యి పైనున్న అటక మీద పెట్టేది. సముద్రపు గాలికి మా ఊళ్ళో ఉప్పే నీరైపోతుంది. ఒకసారి ఎలక ఆ కుండ మూతి కొరికింది. అత్త దాన్ని తోక పట్టుకుని గట్టుకేసి కొట్టి చంపి, చెయ్యి కడుక్కుని మాకు అన్నం వడ్డించింది.

ఆవిడ పోయాక అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నారు. పాత వంటిల్లు, అటక, గింజల కుండ అప్ప వాటాలోకి పోయాయి. మేము కొత్త వంటగది కట్టి గ్యాసు పొయ్యి పెట్టుకున్నాం. అడిగితే అప్ప సగం గింజలు ఇచ్చింది. నేనూ కుండలో పోసి, పేడ మెత్తి, అత్త పెట్టినట్టే పొయ్యి పైన గోడకి బల్ల కొట్టించి దాని మీద పెట్టాను. తొలకరికి మడిలో చల్లాను. ఒక్కటి మొలవలేదు. అవతల అప్ప మడి పచ్చగా లేచింది.

"వానెక్కువై కుళ్ళినాయేమోలే" అంది అప్ప. మరుసటేడు మళ్ళీ ఇచ్చింది. మళ్ళీ అంతే. ఈసారి నవ్వి, "నీ సెయ్యి మంచిది కాదేమోనే" అంది.

ఆ మాట పట్టుకుని ఇంట్లోకి పోయాను. కుండ అడుగున మిగిలిన గింజలు నాలుగు తీసి వాసన చూశాను. మాడు వాసన అనిపించింది. కోపంలో ఉన్న ముక్కుకి ఏ వాసన కావాలంటే ఆ వాసనే వస్తుంది. తిన్నగా వాళ్ళ పెరట్లోకి పోయాను. అప్ప కట్టెలు పేరుస్తోంది.

"ఏటప్పా, గింజలు ఏపి ఇచ్చినావా?"

"ఏటి కూత్తన్నావే?"

"మాయింట్లో అత్త ఇత్తనం ఉండకూడదని ఏపినావు. మొగుడూ పెళ్ళాం కూకుని నవ్వుకుంటన్నారా?"

"ఏపితే నీ నోట్లో ఎయ్యడానికి ఏపుతాను. ఎల్లు."

ఎల్లు అంటూ భుజం మీద తోసింది. సరుగుడు కట్టె ఒకటి నా చేతికొచ్చింది. కొట్టాను. కనుబొమ్మ పైన చీలి నెత్తురు కంట్లోకి కారింది. అప్ప ఏడవలేదు. నా జుట్టు పిడికిలికి రెండు చుట్లు చుట్టి, బట్టలుతికే బండకేసి నా మొహం కొట్టింది. పన్ను ఒకటి ఊడి నాలిక మీద పడింది. పక్కింటి ఒడియా ముసలమ్మ "ఛాడొ, ఛాడొ", వదలండి వదలండి అని అరుస్తూ, కుక్కల్ని విడదీసినట్టు మా మీద బిందెడు నీళ్ళు గుమ్మరించింది.

పొలం నుంచి వచ్చిన బావ పెళ్ళాం మొహం చూసి, కొడవలితో నా చిక్కుడు పందిరి తీగలన్నీ మొదలంటా నరికేశాడు. మా ఆయన అన్న గొంతు పట్టుకున్నాడు. బావ ఆయన అరచెయ్యి కొరికి కండ ఊడదీశాడు. ఊళ్ళో ఉన్నది ఒక్కటే ఆటో. నలుగురం దానిలోనే బరంపురం ఆస్పత్రికి పోయాం, దారంతా తిట్టుకుంటూనే.

"నా సీటుకి నెత్తురంటితే అందర్నీ ఇక్కడే దించేత్తాను" అన్నాడు ఆటో అతను. అప్ప కొంగు తీసి సీటు తుడిచింది.

పది రోజులు పోయాక, కుట్లు ఇంకా పచ్చిగా ఉండగానే, అప్ప మా గుమ్మంలోకి వచ్చింది. "మిగిలిన గింజలు తే" అంది. తెచ్చాను. తన గింజలు ఒక తడిగుడ్డలో, నావి ఒక తడిగుడ్డలో మూట కట్టి, నా అరుగు మీదే పెట్టింది. రోజూ వచ్చి నీళ్ళు చిలకరించి పోయేది. ఎనిమిదోనాడు విప్పింది. తనవి తెల్లగా తోకలు వేశాయి. నావి ఇసకలా ఉన్నాయి.

"నాకిచ్చినవి మాత్రమే ఏపుంటావు" అన్నాను.

అప్ప చెప్పులతోనే నా వంటగదిలోకి నడిచింది. కుక్కరు కూత వేస్తోంది. చెయ్యెత్తి, గింజల బల్ల అడుగున అరచేత్తో తుడిచి, ఆ చెయ్యి నా చెంపకి రాసింది. తడి. కుండ దింపి చూపించింది. మూతి మీద పేడ మెత్తబడి, దాని మీద తెల్లగా బూజు. అది నేను చూసిందే. సున్నం రాలిందనుకున్నాను.

"అత్త పొయ్యి మీద పొగుండీది, గింజ ఆరీది. నీ పొయ్యి మీద ఆవిరే ఉంది. రెండేళ్ళూ నువ్వే ఉడకబెట్టి సంపినావు."

అప్పుడు కొట్టింది. చెవి మీద, అరచేత్తో. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. కుండ తీసుకెళ్ళి వీధిలో రాయికేసి పగలగొట్టింది. రెండు రోజులు నా చెవిలో సముద్రం హోరు.

అన్నదమ్ములకి ఇప్పటికీ మాటల్లేవు. బావ మధ్యలో గోడ కట్టి, పైన గాజు పెంకులు నాటించాడు. మా ఆయన చెయ్యి ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు. గింజలు బూడిదలో కలిపి, బిగుతు మూత డబ్బాలో పోసి, బీరువాలో పెట్టుకుంటానన్నాను. అప్ప ఒప్పుకోలేదు. తొలకరి పడిన పొద్దున్నే గోడవతల నుంచి పిలుస్తుంది. పెంకుల మధ్య నుంచి కాగితం పొట్లం అందిస్తుంది.

"ఈయేలే ఎయ్యి. ఒక్క రాత్రి నీ ఇంట్లో ఉందని తెల్సిందా, ఆ రెండో సెవి కూడా పగుల్ద్ది."

"ఉంచనప్పా."

పొట్లం పట్టుకుని, గడప కూడా ఎక్కకుండా, నేరుగా మడి దగ్గరికి పోతాను.