రెండో సగం ఆయన చెప్పేవాడు

“మిగతా కథ నేను చెప్తాలే, నువ్వు పోయి నీ పని సూసుకో పో,” అన్నాడు మా ఇంటాయన.

“చెప్పేది తర్వాత, ముందు నిద్రపోకుండా సూడు,” అన్నాను నేను.

మేమిద్దరం ఆఖరుగా అనుకున్న మాటలు ఇవే. మధ్యాహ్నం పూట టీవీలో ఏదో పాత సినిమా వస్తూ ఉంది, సగం అయ్యేసరికి పొయ్యి మీద పాలు గుర్తొచ్చి లేచాను, పాలు దించి, ఆయనకు గ్లాసులో మజ్జిగ కలుపుకొని వచ్చేసరికి సినిమా నడుస్తూనే ఉంది, ఆయన మాత్రం కుర్చీలో తల పక్కకు వాల్చి వెళ్ళిపోయి ఉన్నాడు. ఆ సినిమా చివర ఏమైందో నాకు ఈనాటికీ తెలియదు.

ఆయన పోయి రెండేళ్ళు దాటింది. ఇప్పుడు తిరుపతిలో మా తమ్ముడి కూతురి ఇంట్లో ఉంటున్నాను. అలిపిరికి పోయే రోడ్డు పక్కనే ఇల్లు, కొండకు నడిచిపోయేవాళ్ళ అలికిడితోనే నాకు తెల్లవారుతుంది. సంతకం గీకడం తప్ప నాకు రాయడం రాదు, నేను చెబుతూ ఉంటే ఈ పిల్ల రాస్తూ ఉంది. ఈ వయసులో ఇదంతా ఎందుకమ్మా అంటారేమో. పోయిన వారం ఈ పిల్ల ఫోనులో నాకొక సినిమా చూపించింది. అప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

మా ఆయన పలమనేరులో ఒక సినిమా హాల్లో ఆపరేటరు. హాలు వెనక ఇనుప మెట్లు, మెట్ల పైన చిన్న గది, గదిలో రెండు మిషన్లు. వాటిలో కార్బన్ కడ్డీలు మండుతూ ఉంటే ఆ వెలుగే బొమ్మై తెర మీద పడేది. ఒక మిషన్‌లో రీలు అయిపోయే లోపల రెండో దాంట్లో రీలు ఎక్కించి కాచుకొని ఉండాలి, కొంచెం ఏమరితే తెర నల్లబడిపోతుంది, నేల టిక్కెట్టువాళ్ళ ఈలలు, తిట్లు, ఒక్కోసారి చెప్పులు కూడా. మన కాలం వాళ్ళకు ఇవన్నీ నేను చెప్పాలా?

ఆపరేటరు పెళ్ళాన్ని కాబట్టి ఆడవాళ్ళ బెంచీలో నాకు ఎప్పుడూ చోటుండేది. ఉండి ఏం లాభం, నాకు రెండు ఆవులు. మ్యాట్నీకి ఇంటర్వెల్ ఇచ్చేది నాలుగు గంటలకు, ఆవులు పితికేదీ నాలుగు గంటలకే. పాల కేంద్రం వ్యాను వచ్చి పోయిందంటే ఆ పాలు ఎవరి నోట్లో పోయాలి? అందుకని బెల్లు కొట్టగానే అందరూ సోడాలకూ మురుకులకూ లేస్తే నేను ఇంటికి లేచేదాన్ని. అట్లా నేను చూసినవన్నీ సగం సినిమాలే. మొగుడూ పెళ్ళాం మాట పట్టింపుతో విడిపోయేవి, పడవ మునిగి ఒక్క మనిషే ఒడ్డుకు కొట్టుకొచ్చేవి, జైలు నుంచి తిరిగొచ్చినవాణ్ణి ఇంట్లోకి రానివ్వనివి, ఏదైనా సరే, నాకు కష్టం వచ్చేదాకానే తెలుసు. ఆ కష్టం ఎట్లా గట్టెక్కిందో మ్యాట్నీ వదిలాక, ఫస్ట్ షోకు ముందు సంగటి తినడానికి వచ్చినప్పుడు ఆయన చెప్పాలి.

చెప్పొద్దూ, బాగా చెప్పేవాడు. చేతులాడించి, ఆడగొంతు పెట్టి, సంగటి ముద్ద ఆరిపోతున్నా చూసుకోకుండా చెప్పేవాడు. పక్కింటామె గోడ అవతల నుంచి వింటూ ఒకసారి ఉండబట్టలేక, “అన్నా, నేను రెండు తూర్లు సూసినా, ఆ పిల్ల అంతగా ఏడ్సింది యాడుండాది?” అని కేక వేసింది. “నువ్వు ముందర కూసోని సూసినావు, నేను పైనుంచి సూసినా. పైనుంచి ఇంకా శానా కనిపిస్తాదిలే,” అన్నాడు. అప్పుడు నవ్వుకున్నాము.

మాకొక పాప. మూడేళ్ళది. ఒక మధ్యాహ్నం జ్వరం తలకెక్కి కళ్ళు తేలవేసింది. పక్కింటామెను హాలుకు పరుగెత్తించాను. ఆమె రొప్పుతూ వచ్చి, ఈ రీలు అయిపోతే వస్తానన్నాడని చెప్పింది. ఆ రోజు హాలు నిండా జనం, మిషన్ల దగ్గర ఆయన ఒక్కడే. నేను ఆ రీలు అయ్యేదాకా కాచుకున్నాను. రాలేదు. ఇంకో రీలు కాచుకున్నాను. ఇంక లాభం లేదని టమాటాల లారీ ఒకదాన్ని ఆపి, చిత్తూరు పెద్దాసుపత్రికని బయలుదేరితే, మొగిలి ఘాటు దిగుతూ ఉండగానే నా ఒళ్ళో పాప చల్లబడిపోయింది. ఆయన దిగి రాలేదని ఊరంతా చెప్పాను. నేను రెండు రీళ్ళసేపు, దగ్గర దగ్గర అరగంట, కదలకుండా కూర్చున్నానని మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడే చెబుతున్నాను. రాయి, అమ్మీ, తప్పేం లేదు.

ఆ తర్వాత మా ఇంట్లో మాటలు పోయాయి. తెర మీద వాళ్ళ కష్టం అంత బాగా చెప్పే మనిషికి సొంత ఇంటి కష్టానికి నోరు పెగల్లేదు. పాప పేరు కూడా ఎత్తలేదు. నేను హాలు ముఖం చూడడం మానేశాను. ఆరు నెలలకు పక్కింటామె, ఊళ్ళో ఆడవాళ్ళంతా ఏడుస్తున్నారు రమ్మని, ఒక సినిమాకు లాక్కొని పోయింది. అందులో ఒక లారీ డ్రైవరు, అతని పెళ్ళాం. ఏరు పొంగి ఊరు మునిగితే ఆమె బిడ్డను చంకనేసుకొని నిచ్చెన మీదుగా మిద్దె ఎక్కుతుంది, నీళ్ళు తీసేసరికి ఆమె ఒక్కతే మిగులుతుంది. అతనేమో సరుకు వదిలి రాలేక ఏటికి అవతల లారీలోనే కూర్చుండిపోతాడు. ఆమె గుడ్డలు మూటగట్టుకొని బస్సెక్కుతుంది. అక్కడ ఇంటర్వెల్.

నేను ఎప్పటి మాదిరే లేచాను, ఆవులు పితికాను, కేంద్రంలో పాలు పోశాను, ఖాళీ క్యాను పక్కింటామె చేతికిచ్చి పుంగనూరు బస్సెక్కాను. మా అమ్మగారి ఊరు ఆ పక్కనే. ఆ సినిమా చూడకపోతే నాకు ఆ తెగింపు వచ్చేది కాదేమో.

ఎనిమిది నెలలు అక్కడే ఉన్నాను. ఒకరోజు ఆయన వచ్చాడు. మా నాయన ఒక చెంబు నీళ్ళిచ్చి, పలకరించకుండా దొడ్లోకి పోయాడు. ఆయన అరుగు మీద కూర్చొని, పంచె కొంచెం పైకి లాగి కాలి వాపు చూపించి, “నీ ఆవు తన్నింది మే,” అన్నాడు.

“తన్నదా మరి, నీకు పితికేది వస్తే గదా,” అన్నాను లోపల్నుంచే.

ఎందుకు అడిగానో నాకే తెలియదు, ఆ సినిమాలో ఆమె బస్సెక్కినాక ఏమైందని అడిగాను.

చెప్పాడు. ఈసారి చేతులాడించలేదు, ఆడగొంతు పెట్టలేదు, తలవంచుకొని నేలకు చెప్పినట్టు చెప్పాడు. ఆ లారీ అతను ఆమెను వెతుక్కుంటూ పోయి, గడప బయటే నిలబడి, “ఆ పొద్దు నేను మెట్లు దిగి వచ్చుండాల్సింది. కాళ్ళు రాలేదు. నా బిడ్డ కూడా గదా,” అంటాడట. ఆమె తెల్లవారి అతని వెంట బస్సెక్కుతుందట. నేనూ తెల్లవారి ఎక్కాను. ఆ లారీవాడి మాటకే నా మనసు కరిగిందని అనుకున్నాను.

ఆ తర్వాత మళ్ళీ బిడ్డలు కలగలేదు, ముప్పై ఏళ్ళకు పైగా కలిసే ఉన్నాము, పోట్లాడుకున్నాము, తిన్నాము, ముసలివాళ్ళమయ్యాము. ఆయన పాప మాట ఒక్కసారీ ఎత్తలేదు. అది నాకు ముల్లు మాదిరి ఉండేది. కోపం వచ్చినప్పుడల్లా, “సినిమాలో ఆ లారీవానికి ఉన్నపాటి నోరు నీకు లేకపోయె గదయ్యా,” అని పొడిచేదాన్ని. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకొని బయటికి పోయేవాడు. ఒక్కసారి మాత్రం, “వానికైనా ఉండాది గదా, సాల్లే,” అన్నాడు.

పోయిన వారం నేను కథ చెబితే ఈ పిల్ల ఆ సినిమాను ఫోనులో వెతికి పట్టింది. ఆవులు లేవు, వ్యాను లేదు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక సినిమాకు రెండో సగం కళ్ళతో చూశాను. లారీ అతను ఆమె కోసం పోనే పోడు. ఆమె ఏదో బడిలో ఆయాగా కుదురుకుంటుంది. ఏళ్ళు గడిచాక ఇద్దరూ ఒక రైల్వే స్టేషన్‌లో ఎదురుపడతారు, ఒకరినొకరు చూసుకుంటారు, ఆమె రైలెక్కి వెళ్ళిపోతుంది. అంతే. ఏదో వదిలిపెట్టేశావు, వెనక్కి తిప్పు అన్నాను. మూడుసార్లు తిప్పింది పాపం. “అత్తా, ఇంతే ఉండాది. మామ ఇంకేదో సినిమా చెప్పినాడేమో,” అంది.

ఆ సినిమాలో ఏరుంది, లారీ ఉంది, బస్సుంది, రైలుంది. మిద్దె ఎక్కడానికి నిచ్చెనే ఉంది. మెట్లు మాత్రం ఎక్కడా లేవు. మెట్లు ఉన్నది మా ఆయన గదికే.

చెప్పాల్సిన మాట ఆయన అరుగు మీద కూర్చొని ఆ రోజే చెప్పేశాడు, నేను దాన్ని లారీవాడి లెక్కలో వేసి, ఆ మాటతోనే ఆయన్ని ముప్పై ఏళ్ళు పొడిచాను. ఒక్కసారైనా, అది లారీవాడి మాట కాదు, నా మాటే అని అనుంటే ఏం పోయేది ఆయనకు? అట్లా అంటే నేను మళ్ళీ పుట్టింటికి పోతానని భయపడ్డాడేమో. నా రెండు రీళ్ళ సంగతి నేను దాచుకోలేదా, అట్లాంటిదే.

మిగతా సినిమాలు కూడా చూపిస్తానంది ఈ పిల్ల. వద్దన్నాను. ఆయన చెప్పినవి నాకు అట్లాగే ఉండనీ. ఆ హాలు పడగొట్టి ఫంక్షన్ హాలు కట్టారట, ఇనుప మెట్లు పాత సామాన్లకు పోయుంటాయి. ఇప్పుడు ఎవరి సినిమా వాళ్ళ చేతిలోనే ఉంది, వేలితో ముందుకు తోస్తే చివర ఏమైందో తెలిసిపోతుంది, ఆ తర్వాత ఏమైందని ఒకరినొకరు అడిగే పనే లేదు. నేను అడగబట్టే కదా ఆయన ఆ మాట చెప్పగలిగాడు. ఈ కాలంలో అట్లాంటి నోరులేని మనిషి యాడ చెప్పుకుంటాడో, ఏమో.

చాలమ్మీ, నీకూ చేయి నొప్పి పుట్టుంటుంది. మొదటి నుంచి ఒకసారి చదివి వినిపించు, ఈ పొద్దు నేను మధ్యలో లేచిపోయేది లేదు. అరుగు మీద ఆయన చెప్పిన ఆ మెట్ల మాట వస్తుంది చూడు, అక్కడ కొంచెం నిదానంగా చదువు. ఈ తూరి ఆయన గొంతులో వినాల.