సన్నబడ్డాడని అందరూ మెచ్చుకున్న మా గోపి బావ

నిన్న పొద్దున్న అక్క ఫోన్ చేసింది. "గోపి బావ పోయాడే" అంది.

ఏ గోపి అని అడిగాను. మా బావ అని బుర్రకెక్కలేదు.

హార్ట్ ఎటాక్ అంటున్నారు. సడన్‌గా అంటున్నారు.

ఆ "సడన్‌గా" మీదే నాకు అనుమానం.

తెలియనివాళ్ళకి చెప్తున్నాను. గోపి బావ మా మేనత్త కొడుకు. ఉద్దానంలో కొబ్బరితోట. మనిషి బాగా లావు.

అరసవల్లిలో మా అక్క పెళ్ళి. బావ బంతిలో కూర్చోగానే ఎవరో, "బావకి రెండు కుర్సీలెయ్యండ్రా" అన్నారు. ఆ అన్నవాళ్ళే, వద్దంటున్నా ఆకులో బూరెల మీద బూరెలు వేశారు. బావని ఏడిపించడం మనకి సరదా కదా.

అందరికంటే ఎక్కువ నవ్వింది బావే. ఫొటోలకి మాత్రం రాలేదు. ఆ తర్వాత ఏ ఫంక్షన్‌కి వచ్చినా భోజనాల టైమ్‌కి "తినేసొచ్చాను" అనేవాడు.

పోయినేడాది ఏదో డైట్ పౌడర్ మొదలెట్టాడు. రాత్రి భోజనం కట్.

మొన్న గృహప్రవేశానికి వస్తే బెల్టుకి కొత్త కన్నం. అందరూ చప్పట్లు, సెల్ఫీలు. "సీక్రెట్ ఏటి బావా?"

నాకు ఆ ముఖం రంగు నచ్చలేదు. పాయసం కూడా పక్కన పెట్టేశాడు, నోరు చేదుగా ఉందని.

మా ఉద్దానం వైపు ఊరూరా కిడ్నీ జబ్బే. ఎవరైనా ఇలా చిక్కిపోతే ముందు కిడ్నీ టెస్ట్ చేయించుకోమంటాం. ముక్కూముఖం తెలియని మనిషికైనా చెప్తాం. అంత భయం మాకు.

బావకి మాత్రం కంగ్రాట్స్ చెప్పారు.

పెరట్లోకి పిలిచి అడిగాను. "రక్తం సూపించుకున్నావా బావా?"

"ఒసే, నీకూ కుళ్ళేనేటి? ఇన్నాళ్ళకి నన్ను సూసి ఎవులూ నవ్వడం నేదు. డాక్టర్ దగ్గిరికెల్తే మందులిచ్చి మళ్ళీ లావు సేసేస్తాడు. నాకొద్దు."

తమాషాకి అనలేదు. నిజంగానే భయపడ్డాడు.

కిడ్నీలు ఎప్పుడో పాడైపోయాయి, ఇన్నాళ్ళూ ఏం చేశారని, చివరికి ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టర్ అడిగాడట. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనడం లేదు.

గ్రూప్‌లో చూస్తే, "ఫిట్‌గా తయారయ్యాడు, ఇంతలోనే ఇలా" అని మెసేజ్‌లు. ఒక్కటీ నమ్మబుద్ధి కావడం లేదు.

ఇంకో సంగతి.

నిన్న బావని ఇంకా తీసుకెళ్ళలేదు, వరండాలోనే ఉన్నాడు. ఒకావిడ బావ కూతుర్ని, టెన్త్ చదివే పిల్లని, దగ్గరికి తీసుకుని, "మీ నాన్న ఎంత బాగా తగ్గాడమ్మా, నువ్వూ తగ్గాల" అంది.

ఓదార్చడానికే వచ్చిందట.

సాయంత్రం చుట్టాలు అన్నం తెచ్చారు. కంచం తీసుకెళ్తే పిల్ల నా వైపు చూడకుండా, "పక్కింట్లో తినేసొచ్చాను పిన్నీ" అంది.

నేను పక్కింటికి వెళ్ళి అడిగాను. పిల్ల అటు రానే లేదట.

వెనక్కొచ్చి కలిపి ముద్దలు పెట్టాను. ఏడుస్తూ తింది.

బావా, దానికి నేను కాపలా ఉంటాను. నిన్ను చూసి నవ్వేవాళ్ళు, చప్పట్లు కొట్టేవాళ్ళు లేని చోట కడుపు నిండా తిను. ఇకనైనా నీ ప్రాణానికి నెమ్మది దొరకాలి.