అక్క తన కోసం నేసుకున్న చాప

మా టోంగా రాజుగారికి బంగారు కిరీటం ఉంది. పట్టాభిషేకం నాడు బయటి దేశాలవాళ్ళు దాన్నే ఫోటోలు తీసుకుంటారు. మేము మాత్రం నడుముల వైపు చూస్తాం. ఏ దొర ఏ చాప చుట్టుకొచ్చాడు, అది ఎన్ని తరాలది, దాని పేరేమిటి అని. పాత చాపలకు మనుషులకున్నట్టే పేర్లుంటాయి. చిరిగి, అతుకులు పడి, రంగు మారిన చాపకే గౌరవం ఎక్కువ.

మా అక్క పేరు తోవాకాసే. అలాంటి చాపల సన్నటి నేత నేర్చిన మనిషి. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. పిల్లల్లేరు. బావ చేపల వేటకు వెళ్ళి తిరిగి రాలేదు, చాపలో చుట్టి పూడ్చడానికి ఒళ్ళు కూడా దొరకలేదు. తర్వాత రెండేళ్ళకు మా అమ్మ పోయింది. ఇంట్లో మంచి చాప లేక, కింద పరుచుకునే మోటు చాపలోనే చుట్టాం. ఆ రోజు అక్క ఏడవలేదు. మర్నాడు చాప నేతకు మొగలాకులు కోసుకొచ్చి ఉడకేసింది.

“నన్ను మాత్రం నా చేతి చాపలోనే చుట్టాలి. విన్నావా?” అంది నాతో.

ఆ చాపకు పద్నాలుగేళ్ళు పట్టింది. ఆకుకు రాళ్ళు కట్టి సముద్రంలో నానేసి, ఎండలో తెల్లబరిచి, గవ్వతో గీకి, దారమంత సన్నగా చీల్చేది. ఊరి ఆడవాళ్ళం నేత ఇంట్లో కలిసి కూర్చునేవాళ్ళం. మా అందరి చాపలూ పెళ్ళిళ్ళకూ చావులకూ పోతుంటే, అక్క చాప మాత్రం ఏడాదికి జానెడు పెరిగేది. మా పిన్ని కూతురు సేలా ఊరుకునేది కాదు.

“ఇది అయ్యేలోపు నువ్వే అయిపోయేలా ఉన్నావక్కా.”

“అయిపోతే సగంలోనే చుట్టండే. కాళ్ళు బయటుంటే ఏం, బతుకంతా చెప్పుల్లేకుండానే తిరిగా” అనేది అక్క తలెత్తకుండా.

చాప పూర్తయిన ఏడాదే కొత్త రాజుగారి పట్టాభిషేకం వచ్చింది. మా దొర ఊరేగింపులో కట్టవలసిన వంశపు చాపను పెట్టెలోంచి తీస్తే, నడిమధ్య మూరెడు మేర పురుగు తినేసి ఉంది. అక్కకు కబురు వచ్చింది. రెండు నెలల్లో అతుకు నేసి కలుపుతానంది. తన నేత ఆ పాత నేతకు సరితూగుతుందో లేదో పక్కపక్కన పెట్టి చూపిద్దామని, తన చాపను చంకన పెట్టుకుని వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను.

అక్కడ దొర మేనత్త అనాసేని అమ్మగారు కూర్చుని ఉంది. నలభై ఏళ్ళుగా ఆక్లాండ్‌లో ఉండి, ఈ వేడుకకని వచ్చింది. మేనత్త మాటకు మేనల్లుడి ఇంట్లో ఎదురుండదు, అతను దొర అయినా సరే. ఆమె అక్క చాపను వేళ్ళతో తడిమి, ఇదేమిటని అడిగింది.

పెద్దల ముందు మన వస్తువును మనమే తక్కువ చేసుకోవాలి. పెద్ద పందిని కాల్చి మోసుకెళ్ళినా, ఎలుకపిల్లను తెచ్చామనే అంటాం. విన్నవాళ్ళు అబ్బే అంతమాటా అని మెచ్చుకుంటారు. అది మా మర్యాద. అక్క తల వంచుకుని, “చెత్త చాపమ్మా. తమరి కాళ్ళు తుడుచుకోడానిక్కూడా పనికిరాదు” అంది.

“పనికిరానిదాన్ని దాచుకోవడమెందుకు? ఇందులోంచే కత్తిరించి వేద్దాం. కొత్తగా నేసే బాధ తప్పుతుంది” అంది ఆమె.

మర్యాద తెలియక అందా, తెలిసే అందా అని నన్ను చాలామంది అడిగారు. ఆక్లాండ్‌లో ఉన్నంత మాత్రాన పుట్టుకతో వచ్చిన మాట మరిచిపోతారా? తెలిసే అంది. చెత్త అని తనే చెప్పాక, అక్క కాదని ఏ నోటితో అంటుంది? అంచుల్లోంచి తీయమని మాత్రం మెల్లగా అడిగింది. నడుమ నేతే బాగా కుదిరిందని అమ్మగారు నడుమే కత్తెర పెట్టించింది. ఆ ముక్కను కుట్టింది కూడా అక్కే. మిగిలిన చాప దొర ఇంట్లోనే ఉండిపోయింది.

ఊరేగింపు నాడు రోడ్డు పక్కన నేల మీద కూర్చున్నాం. దొర మా ముందు నుంచి నడిచాడు. అతుకు ఎక్కడుందో కనబడటం లేదని చుట్టూ జనం మెచ్చుకున్నారు.

“నా రొమ్ము మీదకు రావలసింది దొర పిర్రల మీదకు పోయిందే” అంది అక్క నా చెవిలో. నాకు నవ్వు రాలేదు.

ఆ తర్వాత అక్క మళ్ళీ ఆకు పట్టలేదు. పట్టమంటే కళ్ళు కనబడటం లేదనేది. ఎనిమిది నెలలకు జ్వరంతో పోయింది.

మిగిలిన చాప ఇమ్మని అడగడానికి అదే ఉదయం దొర ఇంటికి పోయాను. తల కింద పెట్టేటంత ముక్కైనా చాలనుకున్నాను. దొర భార్య నన్ను కూర్చోబెట్టి, అనాసేని అమ్మగారికి ఆక్లాండ్‌కు ఫోన్ కలిపి ఇచ్చింది. మిగిలినదాన్ని తనవెంట తెచ్చుకుని, అద్దం కట్టించి ముందుగదిలో గోడకు తగిలించానని, వచ్చినవాళ్ళంతా అదే చూస్తున్నారని అమ్మగారు చాలా సంతోషంగా చెప్పింది. మా అక్కకు శాంతి కలగాలని కూడా అంది.

మా మీద ఎంతో దయ అమ్మగారూ అన్నాను. పెద్దవాళ్ళతో అనడానికి నాకు వేరే మాట నేర్పలేదు.

ఇంటికి వచ్చేసరికి సేలా తన కోసం దాచుకున్న చాప తెచ్చి అక్క పక్కన పరిచి ఉంది. మంచి చాపే. అందులోనే చుట్టాం. దాంట్లో అక్క చేతి పోగు ఒక్కటీ లేదు.