దిగిన అంకె

నీళ్లసీసాలో ఆక్సిజన్ బుడబుడమంటుంటే నాకు ముందు కరుణ సిస్టరే గుర్తొస్తుంది. అనకాపల్లిలో ఒక చిన్న ఆసుపత్రిలో ఆమె నర్సు, నేను ఆయాను. అప్పటికే నాకు నలభై దాటాయి. అంకెలు పోల్చగలిగేదాన్ని గానీ అక్షరం ముక్క వచ్చేది కాదు.

ఒక మధ్యాహ్నం చేపలమ్మే పోలమ్మను ఆయాసంతో తీసుకొచ్చారు. సిస్టరు మాస్కు పెట్టి, వేలికి క్లిప్పు తగిలించి, "అంకె తగ్గితే కేకెయ్యే" అని పక్క గదికి వెళ్లింది. క్లిప్పు మీద రెండు అంకెలుంటాయి. ఒకటి ఒంట్లో ఆక్సిజన్, ఇంకొకటి నాడి. ఏది ఏదో చదివి తెలుసుకునే దారి నాకు లేదు. చూస్తుండగానే నూట పన్నెండు తొంభై ఎనిమిదికి దిగింది. ఈ గాలే ఆమె ప్రాణం తీస్తోందనుకుని మాస్కు లాగేశాను. పోలమ్మ పెదవులు నల్లబడ్డాయి. నా అరుపుకు సిస్టరు పరుగున వచ్చి మాస్కు మళ్లీ పెట్టింది.

"ఒలే నూకాలూ, సంపేద్దామనుకున్నావేటి?"

"అంకె పడిపోతందమ్మా!"

"అది నాడే! గాలి అందితే గుండెకి పరుగు తగ్గుద్ది. బెల్లం దిమ్మ దించేసిన కలాసీ ఇంకా రొప్పుతాడేటి?"

తేరుకున్న పోలమ్మ మాస్కులోంచే అంది: "నా మీద పాటం అయిపోతే కాసిన్ని నీళ్లియ్యండర్రా."

ఉద్యోగం పోయిందనుకున్నాను. సిస్టరు మాత్రం డాక్టరుతో, చదువురాని మనిషికి అప్పజెప్పి వెళ్లడం తన తప్పని చెప్పింది. మర్నాటి నుంచి పాత కాగితాల వెనక నాతో అక్షరాలు దిద్దించింది. మొదటి మాట 'నాడి'. తర్వాత 'ఆడ', 'మగ'. ఆక్సిజన్ పెట్టకముందు, పెట్టాక నాడి ఎంతుందో ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేరువేరుగా రాయించేది. క్లిప్పు మీది ఇంగ్లీషు అక్షరాలూ అలాగే వచ్చాయి.

"ఎవులికి ఎక్కువ దిగుద్దమ్మా, ఆడోళ్లకా, మగోళ్లకా?" అని అడిగాను.

"నలుగుర్ని సూసి సెప్పీకూడదే. కొందరికి దిగనే దిగదు. నువ్వు రాత్తా ఉండు."

కొన్నేళ్లకు ఊపిరితిత్తులు పాడై సిస్టరే రోగిగా అదే ఆసుపత్రికి వచ్చింది. మాస్కు నేనే పెట్టాను.

"ఎంతే?"

"నూట ఆరు తొంభైకి దిగిందమ్మా."

"భయమేసిందా?"

"ఏసింది."

"మరి మాస్కు తియ్యనేదేం?"

"సదివేనమ్మా. అది నాడి."

ఆమె కళ్లు మూసుకుని తలూపింది. ఆ వారమే పోయింది.

ఇప్పటికీ అంకె దిగితే నా చెయ్యి మాస్కు వైపు కదులుతుంది. మధ్యలో ఆపి, పక్కనున్న అక్షరాలు చదువుతాను.