బాకా తాగినవాడి కూతురు

పోసో అల్మోంతే ఊరి చివర, హైవే పక్కన నోల్ఫా తావుకారే పంక్చర్ షాపు ఉంది. లారీ టైరును రిమ్ము నుంచి ఊడదీసే ఆడమనిషి మా వైపు ఆవిడొక్కతే. వయసు యాభై దాటింది. ఆదివారం షట్టరు దించి, పికప్‌లో మెటల్ డిటెక్టరు, పార, ఫ్లాస్కులో టీ, రెండు రొట్టెలు వేసుకుని పంపా ఎడారిలోకి వెళ్లిపోతుంది.

పంపా నిండా ఉప్పు, దుమ్ము, రాయి. వాన పడదు కాబట్టి ఏదీ చివకదు. తాతల కాలంలో గని కూలీ తిని పారేసిన చేపల డబ్బా నిన్న పారేసినట్టే పడి ఉంటుంది. నోల్ఫా ఇంటి గోడకు గుర్రపు నాడాలు, ఇత్తడి గుండీలు, కంపెనీ కొట్టులో డబ్బుకు బదులు చెల్లిన బిళ్లలు, ఏ దొరదో ఒక కళ్లజోడు ఫ్రేము వేలాడుతుంటాయి. కొంటామని వచ్చినవాళ్లకు టైరు లీవరు చూపిస్తుంది.

"అవి దారిలో తగిలినవి. నేను వెతికేది వేరే" అంటుంది.

ఆమె వెతికేది ఏమిటో పోసో అల్మోంతేలో తెలియనివాళ్లు లేరు. బడిలో ఆమె పేరే అది: బాకా తాగినవాడి కూతురు.

ఆమె తండ్రి అవుదీలియో సాన్ ఫిదెల్ అనే పెట్లుప్పు గని ఊళ్లో కంపెనీ బ్యాండులో పెద్ద బాకా వాయించేవాడు. మనిషి భుజం చుట్టూ తిరిగి, తల మీద గంగాళంలా తెరుచుకునే బాకా. గని మూతపడ్డప్పుడు కంపెనీ మనుషులు కుర్చీలతో సహా అన్నిటి మీదా సుద్దముక్కతో అంకెలు రాసి తుక్కు కింద జమకట్టారు. బాకా తుక్కులో పోవడం బ్యాండు మాస్టరుకు ఇష్టం లేకపోయింది. ఊరంతా మధ్యాహ్నం కునుకు తీస్తున్న వేళ, ఆయనా అవుదీలియో కలిసి దాన్ని గోనెలో చుట్టి పూడ్చారు. ఏడాది తిరక్కుండా మాస్టరు పోయాడు. రేవులో పనికి పోయిన అవుదీలియో అది వదిలి వెనక్కి వచ్చేసరికి ఊరే లేదు. ఇళ్ల చెక్కలు, తలుపులు, పైకప్పు రేకులు విప్పుకుని పోయారు. వీధి ఏదో, డాన్సు హాలు ఏదో చెప్పే ఆనవాలు ఒక్కటీ మిగల్లేదు. వారాల తరబడి తవ్వి, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. జేబులో మాత్రం బాకా మూతి ఉంది. పూడ్చేటప్పుడు ఊడదీసి దాచుకున్న ఇత్తడి మూతి.

బ్యాండులో డోలు వాయించిన వెన్సెస్లావో బర్రాసా బారులో అందరి ముందూ తీర్పు చెప్పేశాడు. "మూతి దాచుకున్నాడు. బాకా ఒళ్లు అమ్మి తాగేశాడు!"

ఆ మాట అరవై ఏళ్లుగా చావలేదు.

సాన్ ఫిదెల్ వాళ్లు ఏటా ఒక ఆదివారం ఆ బోడినేల మీద కలుస్తారు. గుడారం వేసి, బీన్సు వండి, పాత వీధుల పేర్లు చెప్పుకుని, చీకటి పడకముందే బస్సులెక్కుతారు. పోయిన ఆగస్టులో కలిసింది ఆఖరుసారి. మర్నాడు సోమవారం నుంచి అయొడిన్ కంపెనీ యంత్రాలు ఆ నేలనంతా గీకేయబోతున్నాయి. సోమవారం దాటితే అవుదీలియో పేరు మీది మచ్చ మచ్చగానే ఉండిపోతుంది. ఆయనకు ఎనభై రెండు.

పొద్దున్నే, సముద్రం వైపు నుంచి వచ్చిన మంచు ఇంకా విడకముందే, నోల్ఫా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని నడక మొదలుపెట్టింది. మెషిన్ చెవిలో మేకు గుర్రుమంటుంది, ఇత్తడి సన్నగా పాడుతుంది. చిక్కల్లా రేకుతోనే. ముడతల రేకు ఇనుమే అయినా, పెద్ద ముక్కైతే అచ్చం ఇత్తడిలాగే పాడి మోసం చేస్తుంది. పంపాలో రేకు లేని చోటు లేదు. కొత్తవాళ్లు ఆ పాటకు పొంగిపోయి నడుములు విరిగేలా తవ్వి బూతులు తిట్టుకుంటారు. నోల్ఫా తవ్వదు. పాట అంచున కాస్త గుర్రు వినపడితే రేకని పోల్చుకుని, అలాంటి చోట మూడు రాళ్లు పెట్టి ముందుకు పోతుంది. ఇక్కడున్నది అబద్ధం అని గుర్తు. సాన్ ఫిదెల్ నేలంతా ఆమె పెట్టిన రాళ్లే.

ఎండెక్కాక బస్సులు, కార్లు వచ్చాయి. సాన్ ఫిదెల్ వాళ్ల సంఘానికి అధ్యక్షుడు వెన్సెస్లావోనే. కర్ర పట్టుకుని దిగుతూనే కేకేశాడు.

"ఏమ్మాయ్, దొరికిందా మీ నాన్న తాగిన బాకా?"

"ఇంకా లేదు దోన్ వెన్సే. దొరికితే ముందు మీ చెవిలోనే ఊదిస్తా."

"ఊదించు. ఆ చెవి ఎలాగూ పని చెయ్యట్లేదు."

అవుదీలియో నల్లకోటు వేసుకుని గుడారం కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. తల తిప్పకుండానే పాత నేస్తంతో అన్నాడు. "చెవి పోయింది సరే. నోరు పోయే రోజు ఎప్పుడు కొంపాద్రే?"

"నీకన్నా ఒక రోజు తర్వాత. నీ సమాధి దగ్గర ప్రసంగం చెయ్యాలిగా!"

నోల్ఫా మళ్లీ నడిచింది. ఒక చెంచా దొరికింది, గుర్రపు కళ్లెం ముక్క దొరికింది. మామూలు ఆదివారమైతే గంతులేసేది. ఆ రోజు వాటిని జేబులో తోసేసింది. నడినెత్తికి ఎండ రాగానే గాలి లేచింది. టీ కోసం గుడారం దగ్గరికి వచ్చేసరికి వంటవాళ్లు బీన్సు గుండిగ మీద కన్నాల గుడ్డ కప్పి అవస్థ పడుతున్నారు.

అవుదీలియోకు చిరాకేసింది. "గుడ్డేంటి తల్లీ, దుమ్ము తినిపిస్తారా? రేకు కప్పండి! పంపాలో పుట్టినవాడెవడైనా రేకు కప్పకుండా ఏదన్నా వదిలేస్తాడా? ఆ బాకాకే కప్పాం మేము."

నోల్ఫా చేతిలో టీ కప్పు ఆగిపోయింది.

"ఏం కప్పారు నాన్నా?"

"రేకు."

"గోనెలో చుట్టామన్నావు!"

"గోనెలో చుట్టి, పైన రేకు కప్పి, మన్ను పోశాం. ఇంకెలా పూడుస్తారు?"

"ఇన్నేళ్లలో ఒక్కసారైనా చెప్పావా?"

"అన్నం నోటితో తింటామని కూడా చెప్పాలా?"

నోల్ఫా కప్పు కింద పెట్టలేదు, విసిరేసింది. ఇన్నేళ్లూ ఆమె వదిలేసిన చోట్లే వెతకాల్సిన చోట్లు. ఆమె గుడారం మధ్యలో నిలబడి అరిచిన అరుపుకు కార్లలో కునుకు తీస్తున్నవాళ్లు కూడా లేచారు. "మూడు రాళ్లు కనిపించిన ప్రతి చోటా తవ్వండి! గరిటెలో, మూతలో, ఏది దొరికితే అది!"

ఆ తర్వాత అక్కడ జరిగింది చూసి తీరాలి. డెబ్బై ఏళ్ల ముసలమ్మలు ఆదివారం గౌన్లతో మోకాళ్ల మీద కూలబడ్డారు. ఒకాయన కారు చక్రం మూతతో తవ్వాడు. "ఇక్కడ రేకుంది!" అని ఒక మూల కేక. అందరూ అటు పరుగు. కింద ఉత్త రాయి. "ఇదిగో ఇక్కడ!" అని ఇంకో మూల. అక్కడ ఎలక గూడు. వెన్సెస్లావో కుర్చీలోంచి లేవకుండా కర్రతో దిక్కులు చూపిస్తూ, "తవ్వండి తవ్వండి, యంత్రాలవాళ్లకు పని తగ్గుతుంది" అని వేళాకోళం చేస్తున్నాడు. పొద్దు వాలుతోంది. మూడు రాళ్ల గుర్తులన్నీ అయిపోయాయి. బస్సు డ్రైవరు ఒకసారి హారన్ కొట్టాడు.

నోల్ఫా చెమట తుడుచుకుంటూ గుడారం వైపు చూసింది. బీన్సు గుండిగ కుతకుతలాడుతోంది. దాని కింద మూడు రాళ్లు.

"ఆ రాళ్లు ఎక్కడివి?" అంది వంటమనిషితో.

"ఎక్కడివేంటి? ఎవరో పొయ్యి పేర్చి పెట్టినట్టే ఉన్నాయి. గుండిగ ఎక్కించాం."

"దించు!"

"ఇంకా ఉడకలేదు."

"దించమన్నానా!"

గుండిగ దించారు. నిప్పులు పారతో అవతలికి లాగేసింది. నేల ఉప్పు గట్టిపడి సిమెంటులా ఉంది. నోల్ఫా పికప్‌లోంచి గడ్డపార తెచ్చి, టైరు విప్పే ఊపుతో నాలుగు పోట్లు పొడిచింది. ఠంగుమంది. రేకు. చేతులు కాలుతున్నా అంచు పట్టుకుని పైకి లాగింది. కింద గోనె ముట్టుకోగానే పొడైపోయింది. ఆ పొడిలోంచి పచ్చగా చిలుము, తెల్లగా ఉప్పు పట్టి, గంగాళమంత నోరు తెరుచుకుని, బాకా.

అందరూ ఒక్కసారే అరిచారు.

వెన్సెస్లావో కర్ర వదిలేసి వచ్చి గోతి పక్కన కూర్చున్నాడు. బాకా అంచు మీద ఉన్న పెద్ద సొట్టను బొటనవేలితో తడిమాడు.

"ఈ సొట్ట నాదే" అన్నాడు. "సెప్టెంబరు పద్దెనిమిది జాతీయ పండగ కవాతులో డోలుతో సహా దీని మీద పడ్డాను."

"తాగి" అన్నాడు అవుదీలియో, కుర్చీలోంచి.

"తాగే" అని ఒప్పుకున్నాడు వెన్సెస్లావో.

నోల్ఫా బాకా బోర్లించి దులిపింది. ఇసుక, ఒక ఎండిన తేలు రాలాయి. మీటలు ఉప్పు పట్టి కదల్లేదు. అవుదీలియో జేబులోంచి మూతి తీసి, కోటు అంచుకు తుడిచి, తగిలించాడు. సరిగ్గా పట్టింది. ఇద్దరు మనుషులు బాకాను ఎత్తి పట్టుకుంటే ఆయన పెదాలు ఆనించాడు. మొదట గాలే వచ్చింది. రెండోసారి లోపల మిగిలిన దుమ్మంతా వెన్సెస్లావో మొహాన కొట్టింది. మూడోసారి ఎద్దు రంకె లాంటి ఒకే ఒక్క స్వరం లేచింది. అది తెగకుండా సాగింది. డ్రైవరు హారన్ మీంచి చెయ్యి తీసేశాడు.

వెన్సెస్లావో దుమ్ము కొట్టుకున్న కనుబొమలతో లేచి, అధ్యక్షుడి గొంతుతో, అందరికీ వినపడేలా చెప్పాడు.

"వినండర్రా! అవుదీలియో తావుకారే బాకా తాగలేదు. వాడు తాగిందంతా ఉత్త వైనే!"

"అందులో సగం నువ్వు పోయించిందే కొంపాద్రే" అన్నాడు అవుదీలియో, రొప్పుతూ. మళ్లీ ఊదడానికి పెదాలు తడుపుకున్నాడు.

వంటమనిషి బీన్సు ఎప్పుడు ఉడకాలని గొణుగుతూ పొయ్యి పక్కకు జరిపింది. నోల్ఫా కాలిన అరచేతుల మీద చల్లారిన టీ పోసుకుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, డిటెక్టరు అందుకుంది.

"దొరికింది కదే, ఇంకెక్కడికి?" అన్నాడు తండ్రి.

"సాన్ ఫిదెల్‌లో రేకు కింద దాచినవాళ్లు మీరిద్దరేనా నాన్నా?" అని ఆమె గుడారం దాటి, ఎన్నడూ తవ్వని నేల వైపు పెద్ద పెద్ద అంగలేస్తూ వెళ్లింది. ఇంకా వెలుతురుంది.