తేనెపెట్టెల షెడ్డుకి నేను వెళ్ళిన పని

నా పేరు గేదెల అప్పలనర్సమ్మ. వయసు డెబ్బై మూడు. బెంగాల్‌లో, ఖరగ్‌పూర్ ఝపటాపూర్‌లో ఉంటాను. ఇంట్లో నేనూ, ఇరవై ఒక్కేళ్ళ మనవరాలు గౌరీ, ఇద్దరమే. మా ఆయన రైల్వే వర్క్‌షాపులో వడ్రంగి. పోయి తొమ్మిదేళ్ళయింది. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే పక్కింటి పార్వతి రాస్తోంది. తను తిరిగిన ఊళ్ళ గురించి ఫోనులో రాసుకునే చోటే ఇదీ పెట్టమన్నాను. పిల్లలు చేత్తో తేనెపెట్టెలు చేసే షెడ్డు చూడాలని చాలామంది అడుగుతున్నారట. వెళ్ళండి. ముందు ఇది చదివి వెళ్ళండి.

ఏడాదిగా గౌరీ, మరో ఐదుగురూ అక్కడ రంపం, ఉలి, చిత్రిక పట్టి పెట్టెలు చేయడం నేర్చుకుంటున్నారు. వాళ్ళు చేసిన మొదటి నాలుగు పెట్టెల్లోకి పోయిన వారం తేనెటీగలను ఎక్కించారు. మూడో రోజుకి నాలుగూ ఖాళీ. కొన్న మిషను పెట్టెల్లో ఈగలు మాత్రం కదల్లేదు. షెడ్డు చూసుకునే తపన్ బాబు, చేతిపని వదులు, అతుకుల్లో గాలి దూరింది, సోమవారం నుంచి నేర్పడం ఆపేసి పెట్టెలు కొనుక్కుందాం అన్నాడట, అందరి ముందూ. గౌరీ ఇంటికొచ్చి వాళ్ళ తాత పనిముట్లు గోనెసంచిలో చుట్టి మంచం కిందికి తోసేసింది. అన్నం తినలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. పొద్దున్నే సంచి బయటికి తీయించాను.

"నువ్వొచ్చి ఏటి సేస్తావే మామ్మా? తగువాడతావు, అంతేగా?"

"తగువుకే వస్తన్నాను. నడు."

శుక్రవారం ఆరున్నరకి ఇల్లు దాటాం. బస్టాండుకి టోటోలో, అంటే బ్యాటరీ రిక్షాలో, తలకి ఇరవై. టోటో దాదా రంపం చూసి, సామానుంది ముప్పై ఇవ్వమన్నాడు. ఈ రంపం నీ బండి మీదే మొదలెట్టమంటావా అని అడిగితే ఇరవైకే ఎక్కించుకున్నాడు. కేశియాడి వైపు బస్సు ఏడు పదికి, టికెట్టు ముప్పై ఐదు. కుడి పక్క కూర్చోండి. పొద్దుటి ఎండ ఎడమ పక్క కొడుతుంది. సాల చెట్లు మొదలయ్యాక దిగి, మట్టిరోడ్డున ఇరవై నిమిషాలు నడవాలి. నా కాళ్ళకి అరగంట పట్టింది.

షెడ్డులో పిల్లలు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. నేను నేరుగా పెట్టెల దగ్గరికి నడిచాను. ఖాళీ పెట్టె ఒకటి ఎత్తి ఎండకేసి చూశాను. అతుకుల్లో వెలుగు చుక్క లేదు. లోపల తేనెపట్టు పెట్టే చట్రానికీ చట్రానికీ మధ్య చిటికెనవేలి కొస పట్టేంత సందు ఉండాలి. ఎక్కువైతే ఈగలు అక్కడ అడ్డంగా పట్టు కడతాయి, తక్కువైతే జిగురుతో అతికించేస్తాయి. గౌరీ ఆ సందుని టేపుతో కొలవదు. వాళ్ళ తాతలాగే ఒక కర్రముక్కని ఆ మందానికి చెక్కుకుని, దాన్ని దూర్చి చూస్తుంది. నాలుగు పెట్టెల్లోనూ ఆ ముక్క ఎక్కడా ఇరుక్కోలేదు, ఎక్కడా వదులవలేదు. ఇక తపన్ బాబు మీద పడ్డాను. బెంగాలీలో తిట్లు చాలనప్పుడు హిందీలోకి దిగాను. ఆయన టీ తాగుతూ, "ఈగలే చెప్పాయి కదా మాసీమా" అన్నాడు. ఏ అతుకు వదులో వేలు పెట్టి చూపించమన్నాను. వంగనైనా వంగలేదు.

మధ్యాహ్నం అన్నం చెట్టు కింద పెడతారు. పది గంటలలోపు చెబితే బయటివాళ్ళకి కూడా అన్నం, పప్పు, గసగసాలు వేసిన ఆలూ పోస్తో యాభై రూపాయలకి దొరుకుతాయి. ఎండలో ఉన్న పెట్టె పక్కన కూర్చున్నాను. వంట చేసే సంధ్య వచ్చి నా పళ్ళెం ఎత్తి దూరంగా పెట్టింది. "అక్కడొద్దు మాసీమా. ఎండెక్కితే ఆ పెట్టె తారు కంపు కొడుతుంది. ముద్ద దిగదు."

తారేమిటి అని నవ్వి, పెట్టెలో ముక్కు పెట్టాను. అది మా ఇంటి వాసన.

మా ఆయన రైల్వే వేలంలో పట్టాల కింద వేసే పాత చెక్క స్లీపర్లు కొని కోయించి మా మంచం, తలుపులు చేశాడు. మా వైపు చాలా ఇళ్ళల్లో అంతే. కుళ్ళకుండా తారునూనె తాగించిన కర్ర అది. చిత్రిక పడితే పైన శుభ్రంగా కనిపిస్తుంది, నూనె లోపలే ఉంటుంది. యాభై ఏళ్ళు ఆ గదిలో పడుకున్న నాకు అదొక వాసన అనిపించడం మానేసింది. మిగిలిన పలకల్ని, పిల్లల మొదటి పెట్టెలకి గట్టి కర్ర ఉండాలని, నేనే గొప్పగా తెచ్చి ఇచ్చాను.

గౌరీ తల వంచుకుంది. "ఈ కంపు సంగతి సంధ్యాదీదీ మొన్నే అన్నాది. తాత కర్ర అని నువ్వు మురిసిపోనావు కదే. నీకెలా సెప్పేది?"

"నా మురిపానికి నీ సేతులు నరికేసుకుంతావేటి?" అన్నాను. పళ్ళెం పక్కకి తోసేశాను.

లేచి తపన్ బాబు దగ్గరికి వెళ్ళి, కర్ర నాది, తప్పు నాది, మంచి గమార్ కర్రతో, మన గుమ్మడిటేకుతో, ఒక్క పెట్టె చేయనివ్వండి అన్నాను. షెడ్డు నడిపే కమిటీకి చేతిపని బాగోలేదని చెప్పేశానని, ఇప్పుడు నోటిమాట చెల్లదని, కావాలంటే రాసి ఇమ్మని అన్నాడు. నాకు రాయడం రాదని ఆయనకి తెలుసు.

నేను పలకలు తెచ్చిన రోజు వాటిని నిమిరి, ఇలాంటి కర్ర ఇప్పుడెక్కడ దొరుకుతుంది అని మెచ్చుకున్నది ఆయనే. ఆ నాలుగు పెట్టెల మధ్యే రోజూ కుర్చీ వేసుకుంటాడు. ఒక్కసారి ముక్కు పెట్టి చూడలేదు. ఆరుగురు పిల్లల ఏడాది పనిని ఒక్క మాటతో తీసేశాడు. తిరుగు బస్సులో దారంతా ఆయన్ని తిట్టుకున్నాను, సగం తిట్లు నాకే. నా తప్పు నేను మోయగలను. పిల్లలు దాన్ని తమ చేతుల మీద వేసుకుని పని వదిలేస్తే మాత్రం నేను ఊరుకోను.

వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. ఎక్కడ తేనెపెట్టె కొన్నా, చేయించుకున్నా, దాన్ని మిట్టమధ్యాహ్నం గంటసేపు ఎండలో పెట్టి అప్పుడు వాసన చూడండి. పొద్దున్న చల్లదనంలో ఏ కర్రా నిజం చెప్పదు.

ఇది కమిటీ వాళ్ళకి కూడా వెళుతుంది. ఈగలు వెళ్ళిపోయింది నేనిచ్చిన కర్ర వల్ల. పిల్లల పనిలో లోపం లేదు. చదివి వినిపించాక, నా మాటలే అని ఒప్పుకుని, ఎడమచేతి బొటనవేలి ముద్ర వేస్తున్నాను.

గేదెల అప్పలనర్సమ్మ వేలిముద్ర

సాక్షులు: సంధ్యా మాన్నా, షెడ్డులో వంట చేసే మనిషి. కొర్లాం పార్వతి, రాసిన మనిషి.

మూడో సాక్షి: తపన్ బాబు. సంతకం కోసం శనివారం మళ్ళీ వెళ్ళాం. పెట్టలేదు. చోటు వదిలాం.